ఇళ్ల నుంచి పనిచేసే టీమ్‌లో నిర్ణయాలు అందరికీ చేరడం లేదు. మీటింగులు పెంచడమే మార్గమా?

గౌతమీ తీరం (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. అమెరికాలోని ఒక ఆరోగ్య బీమా సంస్థకు క్లెయిముల సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే టీమ్‌కు నేను లీడ్‌ని. నాతో కలిపి పదకొండు మందిమి. హైదరాబాదులో నలుగురు, విశాఖలో ఇద్దరు, పుణెలో ఒకరు, డల్లాస్‌లో ఇద్దరు, పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఒక టెస్టర్ ఉన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లం, ఆ తరువాత అందరం ఒకే గదిలో కూర్చున్నది లేదు.

పని తెలియనివారు మాలో ఎవరూ లేరు. చిక్కల్లా, ఒకరు తీసుకున్న నిర్ణయం ఇంకొకరికి చేరకపోవడంలోనే ఉంది. గత రిలీజ్‌లో జరిగింది చెబుతాను. ఆసుపత్రుల నుంచి వచ్చే ఫైలులో తేదీ ఇంతకాలం నెల, రోజు, సంవత్సరం వరుసలో ఉండేది. ఇకపై సంవత్సరం ముందుకు రావాలని డల్లాస్ లీడ్, హైదరాబాదు డెవలపర్ ఒక రాత్రి ఫోన్‌లో మాట్లాడుకుని తేల్చేశారు. ఆ డెవలపర్ మరునాడే కోడ్ మార్చేశాడు. అదే ఫైలును సరిచూసే భాగం రాస్తున్న పుణె అబ్బాయికి ఈ సంగతి తెలియదు కాబట్టి పాత వరుసతోనే పూర్తిచేశాడు. క్రాకోవ్ టెస్టర్ ఫైళ్లన్నీ తిరస్కరణకు గురవుతున్నాయని వరుసపెట్టి బగ్గులు నమోదు చేసింది. ఎవరిని అడిగినా తన వైపు అంతా సరిగ్గానే ఉందన్నారు, అది నిజం కూడా.

ఈ గొడవ పైవారి దాకా వెళ్లాక, రోజూ సాయంత్రం అందరూ హాజరయ్యే మీటింగ్ ఇంకొకటి పెట్టమన్నారు. ఉదయం ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే చిన్న మీటింగ్ (స్టాండప్), రాత్రి క్లయింట్ కాల్ ఇప్పటికే ఉన్నాయి. ఈ మూడోదానితో ఒరిగేదేమైనా ఉంటుందా? ఇలాంటి టీమ్‌లను నడిపిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకాపు (హైదరాబాదు)

గౌతమీ తీరం గారూ, మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మూడో మీటింగ్ పెట్టినా ఈ సంఘటన ఆగేది కాదు. తేదీ వరుస మారిన సంగతి ఆ ఇద్దరికీ చిన్న విషయంగా తోచింది. చిన్న విషయమనుకున్నదాన్ని మీటింగ్‌లో ఎవరూ ఎత్తరు. అది పుణె అబ్బాయి పనిని దెబ్బతీస్తుందని వారికి ముందే తెలిసి ఉంటే, మీటింగ్ దాకా ఆగకుండా అతనికి అప్పుడే చెప్పేవారు.

ఆఫీసులో ఈ లోటును గోడలే పూడ్చేవి. పక్క సీటులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడి చెవిన పడేది, అతను కుర్చీ తిప్పి "అదెప్పుడు మారింది?" అని అడిగేవాడు. ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ ఆలెన్ ఇంజనీర్ల మధ్య సంభాషణలను ఏళ్ల తరబడి గమనించి, సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు ఎంత వేగంగా తగ్గిపోతాయో 1977లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. యాభై మీటర్లు దాటాక ఒకే భవనంలో ఉన్నా, వేరే ఊళ్లో ఉన్నా పెద్ద తేడా ఉండదన్నది ఆయన తేల్చిన సంగతి. మనమందరం ఇప్పుడు ఆ యాభై మీటర్లకు అవతలే ఉన్నాం.

ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ ఈ ఇబ్బందిని చాలాకాలంగా ఎదుర్కొంటోంది. అందులో పనిచేసేవారు ప్రపంచమంతటా ఉంటారు. ముఖాముఖి సమావేశాలు జరుపుకుంటారు కానీ, మెయిలింగ్ లిస్టులో అంతకుముందు చర్చకు రాని విషయంపై సమావేశంలో ఒక నిర్ణయానికి వస్తే, దాన్ని తప్పనిసరిగా లిస్టులో పెట్టి సమీక్షించాలని 1998 నాటి వారి నియమావళిలోనే ఉంది. అంటే ఆ గదిలో లేనివాడికి కూడా అడ్డు చెప్పే అవకాశం దక్కేవరకు ఆ నిర్ణయం ఖాయం కాదు. మీ టీమ్‌కు కావలసింది ఈ ఒక్క నియమమే. ఫోన్‌లో మాట్లాడుకున్నా, వాట్సాప్‌లో తేల్చుకున్నా ఎవరూ కాదనరు. అందరికీ కనిపించే ఒకే చోట రాసేవరకు మాత్రం అది నిర్ణయం కింద లెక్క కాదు, దాన్ని నమ్ముకుని ఎవరూ కోడ్ మార్చరు.

బెంగళూరు మకాం

పాతకాపు గారు చెప్పినది సరైనదే. అయితే గౌతమీ తీరం గారు రాయకుండా వదిలిన విషయం ఒకటి ఉందని నా అనుమానం. డల్లాస్ లీడ్, హైదరాబాదు డెవలపర్ ఆ రాత్రి మాట్లాడుకున్నది తెలుగులోనే కదా? పుణె అబ్బాయికి, క్రాకోవ్ అమ్మాయికి తెలుగు రాదు కదా?

నేను ఇటువంటి టీమ్‌లో అవతలి వైపు ఉన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. మా ఎనిమిది మందిలో ఐదుగురు మలయాళీలు. వారిలో ఎవరికీ నాపై చెడు భావం లేదు, పండగకు ఇంటికి పిలిచి భోజనం పెట్టేవారే. మీటింగ్ మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత వారు నాలుగు మాటలు మాట్లాడుకుంటారు, అసలు పని తేలేది అక్కడే. మీటింగ్‌లో ఇంగ్లీషులో నేను వినేది అప్పటికే తేలిపోయిన సంగతి. ప్రశ్న వేస్తే "అది నిన్ననే అనుకున్నాం కదా" అంటారు. ఎవరు అనుకున్నారో, ఎక్కడ అనుకున్నారో తెలియదు. కొంతకాలానికి ప్రశ్నలు అడగడం మానేశాను, నా పేరున నమోదైన పని (టికెట్) చేసి ఊరుకునేవాణ్ణి. అప్రైజల్‌లో మా మేనేజర్ "చొరవ తక్కువ" అని రాశారు.

తెలుగువాళ్లం ఎక్కువగా ఉన్న టీమ్‌లలో మనమూ ఇదే చేస్తాం. ఇద్దరు కలిస్తే మన భాషలోకి దిగిపోవడం తప్పు కాదు, ఆ చనువు వల్లే సగం పనులు చకచకా అవుతాయి. ఆ మాటల్లో తేలినది బయటకు రాకపోవడంతోనే చిక్కు. మీ పుణె అబ్బాయి ఈమధ్య మీటింగుల్లో మాట్లాడుతున్నాడా లేదా అనేది ఒకసారి గమనించండి.

గౌతమీ తీరం (రాజమహేంద్రవరం)

బెంగళూరు మకాం గారూ, మీ అనుమానం నిజమే, ఆ సంభాషణ తెలుగులోనే జరిగింది. పుణె అబ్బాయి మీటింగుల్లో మైక్ మూసుకుని కూర్చుంటున్న మాటా వాస్తవమే. స్వభావం అంతేనేమో అని మా వాళ్లు అనుకుంటున్నారు.

పాతకాపు గారి నియమం నాకు నచ్చింది. అయితే ఆ రాత పని ఎవరి మీద పడుతుందన్నది నా ప్రశ్న. మా దగ్గర మీటింగ్ నోట్సు రాసే బాధ్యత ఎప్పుడూ విశాఖ అమ్మాయిదే అవుతోంది. ఎవరూ ఆమెకు అప్పగించలేదు, ఆమె కాదనదు కాబట్టి అలా జరిగిపోతోంది.

రాత్రి షిఫ్టు (హనుమకొండ)

నేను ప్రొడక్షన్ సపోర్టులో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకునే పనిలో ఉన్నాను. మా పనిలో ఈ విషయానికి వాదనలు లేవు, ఎందుకంటే తెల్లవారుజామున నేను లేచి వెళ్లేటప్పుడు నా తరువాతి మనిషి నేను చెప్పినదాని మీదే ఆధారపడతాడు. వదిలి వెళ్లేవాడే రాయాలి, అందుకునేవాడు చదివి సంతకం పెట్టినట్టు ఒక మాట తిరిగి రాయాలి. ఈ ఏర్పాటులో నోట్సు రాసే గుమాస్తా అంటూ వేరే ఎవరూ ఉండరు. మీ దగ్గర కూడా ఎవరు నిర్ణయించారో వారే రాయాలని పెట్టండి, విశాఖ అమ్మాయికి ఆ భారం తప్పుతుంది.

ఎలా రాయాలనేదానికి మేము ఆసుపత్రుల పద్ధతిని అనుసరిస్తాం. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టిన ఎస్‌బార్ అనే క్రమాన్ని, 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో కైజర్ పర్మనెంటే వైద్యసంస్థ నర్సులకు, డాక్టర్లకు నేర్పింది. ఇప్పుడున్న పరిస్థితి ఏమిటి, దాని వెనుక జరిగింది ఏమిటి, నా అంచనా ఏమిటి, నువ్వు చేయవలసింది ఏమిటి అనే నాలుగు ముక్కలు ఆ వరుసలోనే చెప్పాలి. తరువాతి షిఫ్టుకు నేను నిన్న వదిలిన హ్యాండోవర్ ఇది, క్లయింట్ వివరాలు తీసేశాను (బ్యాచ్, జాబ్ అంటే దానంతటదే నడిచే ప్రోగ్రామ్):

"రాత్రి ఒంటిగంటకు మొదలు కావలసిన బ్యాచ్ ఇంకా మొదలు కాలేదు. సాయంత్రం డేటాబేస్ టీమ్ పాస్‌వర్డ్ మార్చింది, మన జాబ్ పాతదే వాడుతోంది. కోడ్ లోపం కాదనేది నా అంచనా, కానీ లాగ్ పూర్తిగా చూడలేదు. కొత్త పాస్‌వర్డ్ కోసం టికెట్ పెట్టాను. ఏడుగంటలకల్లా జవాబు రాకపోతే వారి ఆన్‌కాల్ మనిషికి ఫోన్ చేయి. జాబ్‌ను చేతితో మాత్రం నడపవద్దు, రెండుసార్లు నడిస్తే బిల్లులు రెండు వెళ్తాయి."

ఇందులో "పూర్తిగా చూడలేదు", "నడపవద్దు" అనే రెండు మాటలే అన్నిటికన్నా ముఖ్యమైనవి. మనవాళ్లు చేసింది రాస్తారు కానీ, చేయనిదీ చేయకూడనిదీ రాయరు.

కొత్త కొలువు (నెల్లూరు)

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. నేను కిందటి సంవత్సరమే చేరాను, కాలేజీ నుంచి నేరుగా ఇంటి నుంచి పనిలోకి వచ్చాను, ఆఫీసు చూసింది ఒక్క ఐడీ కార్డు తీసుకున్న రోజే. అందరికీ కనిపించేచోట రాయమని మీరంతా అంటున్నారు, మా లీడ్ గారు కూడా అదే అంటారు. టీమ్ అంతా చూసే చాట్ ఛానెల్‌లో ఒక సందేహం టైపు చేసి, ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చదువుకుని, చివరికి చెరిపేసి, తెలిసిన అన్నయ్యకు విడిగా మెసేజ్ పెట్టే మాలాంటివారి సంగతి ఏమిటి? ఒకసారి ఛానెల్‌లో అడిగితే ఒక సీనియర్ "డాక్యుమెంట్ చదివావా?" అని మాత్రమే జవాబిచ్చారు. నూటఇరవై మంది ఉన్న ఛానెల్ అది. ఆయనకు అందులో ఏ ఉద్దేశమూ లేకపోవచ్చు, నేను మాత్రం మళ్లీ అక్కడ అడగలేదు.

పాతకాపు (హైదరాబాదు)

కొత్త కొలువు గారూ, మన్నింపు మీరు కాదు, ఆ సీనియర్ అడగాలి. రాతలో గొంతు వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తమ సహచరులతో కలిసి జరిపిన ప్రయోగాల్లో, ఈమెయిల్‌లో తాము రాసినది వ్యంగ్యమో సూటి మాటో అవతలివారు ఇట్టే పోల్చుకుంటారని రాసినవారు గట్టిగా నమ్మారు, చదివినవారు మాత్రం అంతగా పోల్చుకోలేకపోయారు. రాసేవాడికి తన గొంతు తన తలలో వినిపిస్తూ ఉంటుంది కాబట్టి కాగితం మీద అది లేదని తోచదు.

లీడ్‌లకు ఒక సూచన. మీ టీమ్‌లో చిన్నవారు ఛానెల్‌లో అడగాలంటే, ముందు మీరు అక్కడ తెలియనివి అడగాలి. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనిషి "ఈ ఫీల్డ్ ఎందుకుందో నాకు అర్థం కాలేదు, ఎవరైనా చెప్పగలరా" అని అందరి ముందూ రాస్తే, కిందివారికి అంతకు మించిన అనుమతి అక్కరలేదు. మరొకటి, విడిగా వచ్చిన ప్రశ్నకు విడిగానే జవాబిచ్చి, ఆ జవాబును అడిగినవారి పేరు లేకుండా ఛానెల్‌లో పెట్టవచ్చు. ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోవద్దు. టీమ్‌లో చదవవలసినవారందరూ తెలుగువారే అయితే తెలుగులో రాయండి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా ఫరవాలేదు. అర్థంకాని మంచి ఇంగ్లీషు కన్నా అది మేలు.

ఇనుప గుగ్గిళ్లు (విజయవాడ)

చర్చ అంతా రాతను పొగడటంతోనే నడుస్తోంది కాబట్టి ఎదురుమాట ఒకరు చెప్పాలి. మా సంస్థలో అన్నీ రాస్తాం. నిర్ణయాలకు ఒక పేజీ, నోట్సుకు ఒక పేజీ, రోజువారీ ప్రగతికి ఒక ఫారం. ఎవరూ చదవరు. రాసేది తెలియజేయడానికి కాదు, రేపు ఏదైనా బెడిసికొడితే "నేను ముందే రాశాను" అని చూపించడానికి. పైగా ఎవరు ఎన్ని టికెట్ల మీద వ్యాఖ్యలు రాశారో మేనేజర్ లెక్క చూస్తాడని ఒక పుకారు పుట్టినప్పటి నుంచి, అవసరం లేని చోట కూడా అందరూ ఒక వాక్యం పారేసి వెళ్తున్నారు. టీమ్స్ చాట్‌లో మనిషి పనిలో ఉన్నట్టు చూపే పచ్చచుక్క పోకుండా మౌస్‌ను కదిపే పరికరాలు కొనుక్కున్నవారూ మా దగ్గర ఉన్నారు. నమ్మకం లేనిచోట ఎంత రాసినా అది నిఘాగానే మారుతుంది. ముందు మేనేజర్లు చెడువార్తను ప్రశాంతంగా వినడం నేర్చుకోవాలి, ఆలస్యమవుతుందని ముందే చెప్పినవాడికి చీవాట్లు పడుతుంటే రేపటి నుంచి వాడు చివరి రోజు వరకు "జరుగుతోంది" అనే అంటాడు.

డల్లాస్ నుంచి

ఇనుప గుగ్గిళ్లు గారి చివరి వాక్యాలు నా అనుభవానికి చాలా దగ్గరగా ఉన్నాయి. నేను ఇక్కడి నుంచి ఇండియా టీమ్‌తో పనిచేస్తాను. "శుక్రవారానికి అవుతుందా?" అని అడిగితే అవుతుందనే చెబుతారు, గురువారం రాత్రి కాదని తెలుస్తుంది. ప్రశ్న మార్చుకున్నాక కొంత మెరుగైంది. "శుక్రవారానికి కాకపోవడానికి ఏ కారణాలు ఉండవచ్చు?" అని అడిగితే, అదే మనిషి మూడు కారణాలు వరుసగా చెబుతాడు. అవును-కాదు అని తేల్చమంటే మొహమాటం అడ్డువస్తుంది, కారణాలు చెప్పమంటే రాదు.

చెడువార్త గురించి తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆఫీసే లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌లోని ఫైళ్లను తొలగించారు. దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది. వారు ఆ రాత్రి ఏం జరుగుతోందో ఒక గూగుల్ డాక్యుమెంట్‌లో బహిరంగంగా రాస్తూ పోయారు, పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తరువాతి నివేదికలో తేలిన వివరమొకటి ఈ చర్చకు సరిగ్గా పనికివస్తుంది. రోజువారీ బ్యాకప్‌లు అంతకుముందే విఫలమవుతూ ఉన్నాయి, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లూ వెళ్తూనే ఉన్నాయి, కానీ వాటికి ఉండవలసిన ధ్రువీకరణ లేకపోవడంతో అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. పంపినవైపు చూస్తే కబురు వెళ్లింది, అందుకునేవైపు ఎవరికీ ఏమీ రాలేదు. ఆ నివేదిక లోపాలను ఏర్పాట్లలో వెతికింది, ఆ ఇంజనీర్ మీదకు నెట్టలేదు.

చదవరనే ఫిర్యాదుకు మేము వాడే ఉపాయం అమెజాన్ నుంచి వచ్చింది. 2004లో అక్కడ పైస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ మానేసి, వాక్యాలతో రాసిన పత్రాన్ని తెచ్చి, మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా చదివే ఆచారం పెట్టారు. మేము ఒకటిన్నర పేజీకి మించనీయం, మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఇంట్లో చదువుకుని వస్తారన్న ఆశ పెట్టుకోవడం మానేశాక, అందరూ చదువుతున్నారు.

మధ్యాహ్నం మూడు (గుంటూరు)

మీటింగుల వేళల గురించి ఎవరూ మాట్లాడలేదు. అమెరికా వేళను స్థిరంగా పెట్టుకున్న కాల్ మనకు స్థిరంగా ఉండదు. నవంబరు మొదటి ఆదివారం వారు గడియారం వెనక్కి తిప్పగానే, డల్లాస్ ఉదయం ఎనిమిదిన్నర కాల్ మనకు రాత్రి ఏడుగంటల నుంచి ఎనిమిదికి జరుగుతుంది, మళ్లీ మార్చి రెండో ఆదివారానికి వెనక్కి వస్తుంది. యూరప్ వారు మార్చి చివరి ఆదివారం వరకు మార్చుకోరు కాబట్టి, గౌతమీ తీరం గారి క్రాకోవ్ టెస్టర్‌కు మధ్యలో రెండు మూడు వారాలు లెక్క మరోలా ఉంటుంది. పిల్లలకు అన్నం పెట్టే వేళ ఎటు పోతుందో ప్రతి శీతాకాలం కొత్తగా చూసుకోవాలి. ఆరునెలలు ఒక వైపు, ఆరునెలలు మరొక వైపు అసౌకర్యాన్ని పంచుకోవాలని మేము అడిగి సాధించుకున్నాం. ఆ తరువాతే అమెరికా వైపువారికి, ఈ కాల్‌లో సగం విషయాలు రాసి పంపితే సరిపోతాయన్న సంగతి తోచింది.

కెమెరా విషయం కూడా ఒక మాటలో. స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్ అలసటకు చెప్పిన కారణాల్లో, గంటల తరబడి మన ముఖాన్ని మనమే చూసుకోవడం ఒకటి. మన బొమ్మను మనకు కనిపించకుండా దాచుకునే అమరిక దాదాపు అన్నిటిలో ఉంది, వాడండి. ఒకే గదిలో సంసారం నడిపేవారిని కెమెరా పెట్టమని ఒత్తిడి చేయవద్దు.

వికీ వాడుకరి (తిరుపతి)

తెలుగులో దూరం నుంచి కలిసి పనిచేసే పాత బృందాల్లో తెలుగు వికీపీడియా ఒకటి. 2003 డిసెంబరులో మొదలైంది. ఒకరినొకరు ఎప్పుడూ చూడనివారు, జీతం లేనివారు, వేర్వేరు దేశాలవారు అందులో రాస్తుంటారు. ఉమ్మడి విషయాలన్నీ రచ్చబండ అనే పేజీలో తేలుతాయి. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది, ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో చరిత్రలో నిలిచి ఉంటుంది. ఈ అలవాటు నా ఉద్యోగంలో ఎంతో పనికివచ్చింది. ముఖ్యంగా, మార్పు చేసేటప్పుడు "దిద్దుబాటు సారాంశం" అనే గడిలో ఎందుకు చేస్తున్నామో ఒక పంక్తి రాయడం. ఏం మార్చామో తేడా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఎందుకు మార్చామో మనం రాస్తే తప్ప ఎవరికీ తెలియదు.

అక్కడి కష్టం కూడా చెప్పాలి. అభిప్రాయభేదం వ్యక్తిగతమైనప్పుడు రాత మంటను పెంచుతుంది. పేజీలకు పేజీలు వాదించుకున్న ఇద్దరు, ఒక కార్యశాలలో పక్కపక్కన కూర్చుని టీ తాగాక ఆ వాదన మళ్లీ ఎత్తకపోవడం నేను చూశాను. కాబట్టి ఒకే విషయం మీద ఒకరికొకరు రెండుసార్లు ఘాటుగా రాసుకున్నారంటే, మూడోసారి రాయకుండా ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఏం తేలిందో తరువాత వచ్చి అక్కడే రాయాలి.

పాతకాపు (హైదరాబాదు)

వికీ వాడుకరి గారి మాటకు కొనసాగింపుగా ఒకటి. మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61,182 మంది 2020 తొలి ఆరు నెలల్లో ఎలా మాట్లాడుకున్నారో పరిశీలించి, ఫలితాలను 2021 సెప్టెంబరులో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ప్రచురించింది. అందరూ ఇళ్లకు వెళ్లాక ఒకే జట్టులోని సంబంధాలు బిగుసుకున్నాయి, వేర్వేరు జట్లను కలిపే సంబంధాలు పలచబడ్డాయి, అప్పటికప్పుడు మాట్లాడుకోవడం తగ్గి మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. అంటే దగ్గరివారు మరింత దగ్గరయ్యారు, దూరపువారు మరింత దూరమయ్యారు. బెంగళూరు మకాం గారు చెప్పిన కథ అదే. దగ్గరితనం దానంతటదే పెరుగుతుంది, దూరపువారితో మాట మాత్రం ఎవరో ఒకరు పూనుకుని కలపాలి. గౌతమీ తీరం గారూ, పుణె అబ్బాయికి వారానికోసారి పని సంగతి లేకుండా మీరే ఫోన్ చేసి మాట్లాడండి. అది స్వభావమా, విసుగా అనేది నాలుగు సార్లు మాట్లాడితే మీకే తెలుస్తుంది.

గౌతమీ తీరం (రాజమహేంద్రవరం)

కొంత కాలం ఆగి, చేసి చూశాక రాస్తున్నాను. మూడో మీటింగ్ పెట్టలేదు. దాని బదులు "నిర్ణయాలు" అనే ఒక ఛానెల్ తెరిచాం. ఏం మారింది, ఎందుకు, ఎవరి పని మీద ప్రభావం పడవచ్చు, అభ్యంతరం ఉంటే ఎప్పటిలోగా చెప్పాలి అనే నాలుగు ముక్కలు తప్ప అందులో ఇంకేమీ ఉండదు, శుభాకాంక్షలు కూడా నిషిద్ధం. నిర్ణయించినవారే రాయాలి. మొదట్లో ఎవరూ రాయలేదు, నేనే ఫోన్‌లలో విన్నవాటిని పట్టుకుని "ఇది అక్కడ పెట్టండి" అని వెంటపడవలసి వచ్చింది. ఇప్పుడు అడగకుండానే రాస్తున్నారు. మూడో ముక్క చాలా పనికివచ్చింది, ఎవరి మీద ప్రభావం పడుతుందో పేర్లు రాయవలసి వచ్చేసరికి, రాస్తున్నవారికి ముందు తోచని మనుషులు గుర్తుకు వస్తున్నారు.

పుణె అబ్బాయితో మాట్లాడాను. స్వభావం కాదు, విసుగే. ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నానని నేరుగానే చెప్పాడు. ఉంటాడో లేదో నేను చెప్పలేను. విశాఖ అమ్మాయి నోట్సు రాయడం ఆపేసింది, ఎవరూ ఆమెను అడగనూ లేదు.

ఒక చిక్కు మిగిలి ఉంది. డల్లాస్ లీడ్ వయసులో, హోదాలో నాకన్నా పెద్దవారు, క్లయింట్ ఆయన మాటే వింటారు. ఆయన రాయరు. కారు నడుపుతూ ఫోన్ చేసి, చెప్పవలసింది చెప్పి పెట్టేస్తారు. ఛానెల్‌లో పెట్టమని అడిగితే "నీకు చెప్పాను కదమ్మా" అంటారు. ఆయనను నొప్పించకుండా దీన్ని ఎలా దారిలో పెట్టాలి?

డల్లాస్ నుంచి

గౌతమీ తీరం గారూ, ఆయన చేత రాయించే ప్రయత్నం మానుకోండి. ఆ వయసులో, ఆ హోదాలో ఉన్నవారు టైపు చేయడం మొదలుపెట్టగా నేను చూడలేదు. ఫోన్ పెట్టగానే మీరే ఆయనకు గౌరవంగా ఒక మెసేజ్ పంపండి. అందులో విన్నది ఉన్నదున్నట్టు కాకుండా, మీకు అర్థమైనది రాయండి. "సర్, ఇప్పుడు మీరు చెప్పినదాని ప్రకారం సభ్యుల చిరునామా ఇకపై రెండు గడుల్లో కాకుండా ఒకే గడిలో వస్తుందని, పాత ఫైళ్లకు ఇది వర్తించదని అర్థం చేసుకున్నాను. మీ సాయంత్రం ఐదింటి వరకు చూసి, ఈలోగా మీరు వేరే చెప్పకపోతే ఛానెల్‌లో మీ పేరుతో పెట్టి పని మొదలుపెడతాము" అని ఉంటే చాలు. ఆయన చేయవలసింది చదివి ఊరుకోవడమే, అది ఆయనకు ఇప్పటికే అలవాటు. అయితే డబ్బుల లెక్కలు, సభ్యుల ఆరోగ్య వివరాలు మారే విషయాల్లో మాత్రం మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి, "సరే" అని ఆయన చేత అనిపించుకున్నాకే కదలండి.

తప్పుగా అర్థం చేసుకున్నచోట ఆయన వెంటనే ఫోన్ చేస్తారు. పాత ఫైళ్లకు వర్తించదని మీరు రాసింది చూసి "వర్తిస్తుందమ్మా, ఎవరన్నారు వర్తించదని?" అని గట్టిగానే అడుగుతారు. అప్పుడు ఛానెల్‌లో పెట్టవలసిన వాక్యం దిద్దుకోండి. మెసేజ్‌లో పుణె అబ్బాయిని కూడా కలపండి, అతను వెళ్లిపోయే ఆలోచనలో ఉన్నా సరే.